నా ఓటు లంకలో ఉంచుకోవాలా, విశాఖకు మార్చుకోవాలా?

ఈ వారం ఉత్తరం కోనసీమ నుంచి వచ్చింది. గౌతమి పాయకు అవతలున్న ఒక లంక ఊరి అమ్మాయి రాసింది. వయసు పంతొమ్మిది. విశాఖపట్నంలో డిగ్రీ రెండో ఏడాది చదువుతూ కాలేజీ హాస్టల్లో ఉంటోంది. నాన్న కౌలుకు తీసుకున్న లంక భూమిలో అరటి, కూరగాయలు పండిస్తారు. తమ్ముడు తొమ్మిదో తరగతి. రోజూ పడవ దాటి అవతలి గట్టున ఉన్న హైస్కూలుకు వెళ్తాడు. వరదొస్తే పడవ ఆగిపోతుంది, వాడి చదువూ ఆగిపోతుంది.

కిందటేడు కాలేజీలో ఓటరు నమోదు శిబిరం పెడితే, ఈ అమ్మాయి సీనియర్ల సాయంతో హాస్టల్ చిరునామా ఇచ్చి ఫారం 6 నింపింది. ప్రిన్సిపాల్ బోనఫైడ్ సర్టిఫికెట్ కూడా ఇచ్చారు. ఆ దరఖాస్తు ఇంకా పెండింగ్‌లో ఉంది. సంక్రాంతికి ఇంటికి వెళ్తే అమ్మ బీరువాలోంచి ఒక కవరు తీసిచ్చింది. అందులో తన పేరుతో ఓటరు కార్డు ఉంది. ఊళ్లో పార్టీ పనులు చూసే మావయ్య, నాన్న కలిసి తనకు చెప్పకుండానే ఆన్‌లైన్‌లో పెట్టేశారట. "నా ఓటు విశాఖలో ఉండనివ్వండి" అంటే పండగ వెళ్లేదాకా నాన్న మాట్లాడలేదు. మావయ్య మాత్రం, "చదువుకోమని పంపితే ఊరి ఓటు పట్టుకుపోతావా? ఇంట్లో నాలుగు ఓట్లున్నాయని ఆయనకు మాటిచ్చాం" అన్నాడు. ఆ 'ఆయన' నాన్న సాగు చేస్తున్న భూమికి యజమాని.

"రెండు చోట్ల పేరుంటే జైలేనని హాస్టల్లో అంటున్నారు. ఆ టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు" అని రాసింది. ఇంకో బాధ కూడా చెప్పింది. తమ్ముడు ఆ పండగలోనే, "అక్కా, పడవలో లైఫ్ జాకెట్లు కావాలంటే ఎవరిని అడగాలి? సర్పంచ్‌నా, ఎమ్మెల్యేనా?" అని అడిగాడు. "సోషల్‌లో నాకు తొంభై మూడు మార్కులొచ్చాయి. రాష్ట్రపతిని ఎలా ఎన్నుకుంటారో ఇప్పటికీ అప్పజెప్పగలను. మా రేవు ఎవరి చేతిలో ఉందో మాత్రం చెప్పలేకపోయాను." సెలవుల్లో లంక పిల్లలకు ఇవన్నీ నేర్పుదామనుకుంది. హెడ్‌మాస్టారు ముందు సరేనని, తర్వాత "రాజకీయాల జోలికి వద్దమ్మా" అన్నారు. ఓటు ఎక్కడ ఉంచుకోవాలి, నాన్నకేం చెప్పాలి, పిల్లల సంగతి ఏం చేయాలి అని అడుగుతోంది.

అమ్మా,

ముందు జైలు భయం సంగతి తేల్చుకుందాం. నిద్ర పట్టాక మిగతావి ఆలోచించవచ్చు. 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం ప్రకారం ఒక మనిషి పేరు ఒక్క నియోజకవర్గం జాబితాలోనే ఉండాలి. ఫారం 6లో, ఇంకెక్కడా నా పేరు లేదని రాసిచ్చి సంతకం పెడతాం. అది అబద్ధమని తెలిసీ పెడితే ఏడాది దాకా జైలు గానీ, జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చు. నువ్వు సంతకం పెట్టేనాటికి ఊళ్లో నీ పేరు మీద ఏం జరుగుతోందో నీకు తెలీదు. పైగా హాస్టల్ దరఖాస్తు ఇంకా ఆమోదం కాలేదంటున్నావు. అంటే ఈ రోజుకు నీకున్నది ఒక్క ఓటే, అది లంకలో ఉంది. కాబట్టి భయపడకు. అయితే ఇప్పుడు సంగతి తెలిసింది కనుక ఊరుకోకూడదు. ఎన్నికల సంఘం పోర్టల్‌లో నీ రిఫరెన్స్ నంబరు కొట్టి దరఖాస్తు ఏ దశలో ఉందో చూడు. 1950 నంబరుకు ఫోన్ చేసినా చెప్తారు. ఇంకా పెండింగే అయితే, మా ఊళ్లో నాకు ఇప్పటికే ఓటుంది, ఈ దరఖాస్తు ఆమోదించవద్దు అని నీ ఓటరు కార్డు నంబరు వేసి హాస్టల్ ప్రాంతపు బీఎల్వోకి (బూత్ స్థాయి అధికారికి), నియోజకవర్గ నమోదు అధికారికి రాతపూర్వకంగా ఇవ్వు. కాపీ మీద ముద్ర వేయించుకో. ఈలోపు ఆమోదమైపోయి ఉంటే, ఫారం 7 పెట్టి రెండింట్లో ఒకచోట నీ పేరు నువ్వే తీసేయించుకోవచ్చు.

తర్వాత విశాఖకే మారాలనిపించినా మళ్లీ ఫారం 6 పెట్టకు. అది కొత్త ఓటర్లకు. ఓటు ఉన్నవాళ్లు చిరునామా మారినప్పుడు పెట్టాల్సింది ఫారం 8. దానితో పాత చోట పేరు పోయి కొత్త చోట చేరుతుంది, కార్డు నంబరు అదే ఉంటుంది. శిబిరాల్లో తొందరలో అందరిచేతా ఫారం 6 నింపించేస్తారు. నీలాంటి చిక్కులు చాలా అక్కడే మొదలవుతాయి. శిబిరం పెట్టేవాళ్లు ముందు "ఇంటి దగ్గర నీ పేరుందేమో చూశావా?" అని ఒక్క ప్రశ్న అడిగితే ఎంత బాగుంటుందో.

ఇక ఓటు ఎక్కడ ఉంచుకోవాలన్నది. హాస్టల్లో ఉండి చదివేవాళ్లకు ఎన్నికల సంఘం రెండు దారులూ ఇచ్చింది. గుర్తింపు ఉన్న కోర్సు, కనీసం ఏడాది కాలం ఉండేది చదువుతుంటే, కాలేజీ బోనఫైడ్‌తో హాస్టల్ చిరునామా మీద నమోదు చేసుకోవచ్చు. లేదా అమ్మానాన్నల దగ్గరే ఉంచుకోవచ్చు. చదువు కోసం కొన్నాళ్లు దూరంగా ఉన్నంత మాత్రాన ఊళ్లో నివాసం పోదు. "అమ్మాయి విశాఖలో ఉంటోంది కదా" అని ఎవరైనా పేరు తీసేయమన్నా, నోటీసిచ్చి నీ మాట వినకుండా తీసేయకూడదు. రెండూ చట్టబద్ధమైనవే. కాబట్టి ఇక్కడ తప్పొప్పుల ప్రశ్న లేదు, నీకు ఏది ముఖ్యమన్నదే ప్రశ్న.

హాస్టల్ ఓటుకు పెద్ద సౌకర్యం ఉంది. పోలింగ్ రోజు నడిచి వెళ్లి వేసి రావచ్చు. ఊరి ఓటు వేయాలంటే రాజమండ్రి దాకా రైలు, అక్కణ్ణుంచి బస్సు, ఆపైన పడవ. ఆ రోజుల్లో టికెట్లు దొరకవు, నీకేమో పరీక్షలు ఉండవచ్చు. 2024లో పోలింగ్ మే 13న, సెలవుల్లో పడింది. 2019లో ఏప్రిల్ 11న, చాలామందికి పరీక్షలు నెత్తిమీదున్న రోజుల్లో వచ్చింది. పోస్టల్ బ్యాలెట్ ఉందిగా అని ఎవరైనా అంటే నమ్మకు. అది సైన్యంలో ఉన్నవాళ్లకు, ఎన్నికల విధుల్లో ఉన్నవాళ్లకు, 85 ఏళ్లు దాటినవాళ్లకు, 40 శాతానికి తగ్గని వైకల్యం ఉన్నవాళ్లకు, ఇంకా అలాంటి కొన్ని వర్గాలకే. విద్యార్థులకు లేదు. ఊరు విడిచి వచ్చినవాళ్లు ఉన్నచోటి నుంచే సొంత నియోజకవర్గానికి ఓటు వేసేలా ఎన్నికల సంఘం ఒక యంత్రం నమూనా తయారు చేసి 2023 జనవరిలో పార్టీలకు చూపించబోయింది. ఒక్క యంత్రంతో 72 నియోజకవర్గాల ఓట్లు వేయించవచ్చన్నారు. చాలా పార్టీలు ఒప్పుకోలేదు, అది అక్కడే ఆగింది. ఓటు వయసు 21 నుంచి 18కి తగ్గి, 1989లో చదువుకునే వయసు పిల్లలకు ఓటొచ్చింది. చదువు కోసం ఊరు దాటిన పిల్లలు ఆ ఓటు వేసే దారి మాత్రం ఇప్పటికీ పడలేదు. ఇది నాకు చాలా కష్టంగా ఉంటుంది. అరుణాచల్ ప్రదేశ్‌లోని మాలోగాంలో ఒకే ఒక్క ఓటరు కోసం 2019లోనూ 2024లోనూ పోలింగ్ కేంద్రం పెట్టిన వ్యవస్థ మనది. తలచుకుంటే హాస్టల్ పిల్లలకూ ఏదో ఒకటి చేయగలదు.

నీ ఉత్తరంలో మీ ఇంట్లో ఎవరూ గమనించని సంగతి ఒకటుంది. అసెంబ్లీ, పార్లమెంటు ఎన్నికలు 2024లో అయిపోయాయి. మామూలుగా అయితే మళ్లీ 2029లో. అప్పటికి నీ డిగ్రీ అయిపోతుంది, హాస్టల్లో ఉండవు. అంటే మావయ్యా నువ్వూ దేని గురించి పోట్లాడుకుంటున్నారో ఆ ఎన్నికలు నీ హాస్టల్ రోజుల్లో రావు. వచ్చేవి స్థానిక ఎన్నికలు. మన రాష్ట్రంలో గ్రామ పంచాయతీ ఎన్నికలు 2021 ఫిబ్రవరి 9 నుంచి 21 దాకా నాలుగు విడతల్లో జరిగాయి, విశాఖ కార్పొరేషన్‌కు ఆ మార్చిలో జరిగాయి. ఇవి ఐదేళ్ల పదవులు. కాబట్టి నువ్వు నిజంగా తేల్చుకోవాల్సింది, విశాఖలో నీ వార్డు కార్పొరేటర్‌ని ఎన్నుకుంటావా, లంకలో సర్పంచ్‌ని ఎన్నుకుంటావా అన్నది.

విశాఖ అనుకుంటే అందులోనూ అర్థముంది. ఏడాదిలో ఎక్కువ నెలలు నువ్వు నడిచే వీధులవి. రాత్రి లైట్లు, బస్సులు, తాగునీళ్లు అన్నీ నీవే. చదువయ్యాక మళ్లీ ఫారం 8 పెట్టుకోవాలి, అంతే. కాకపోతే హాస్టళ్లలో ఒక ఇబ్బంది ఉంది. ఇంటింటి పరిశీలనకు బీఎల్వో వచ్చిన రోజు మీరంతా సెలవులకు వెళ్లి ఉంటే, "ఇక్కడ లేరు" అని రాసుకునే ప్రమాదం ఉంటుంది. నోటీసు వచ్చినా ఖాళీ హాస్టల్‌కే వస్తుంది. అందుకని ఎన్నికల ముందు జాబితాలో పేరు చూసుకుంటూ ఉండాలి. నామినేషన్ల చివరి తేదీ దాటితే ఇక ఆ ఎన్నికకు పేరు చేర్చరు.

లంక అనుకుంటే, పంచాయతీ జాబితాను అసెంబ్లీ జాబితా నుంచే తయారుచేస్తారు. ఆ జాబితాలో ఉన్నవాళ్లే గ్రామసభ సభ్యులని రాజ్యాంగమే చెప్తోంది. ఓటు మార్చుకున్న రోజు నుంచి నువ్వు మీ గ్రామసభ సభ్యురాలివి కావు. సెలవుల్లో వచ్చి కూర్చోవచ్చేమో గానీ, లెక్కలోకి రావు. మీ తమ్ముడి ప్రశ్నకు జవాబు కూడా ఇక్కడే ఉంది. మన ప్రాంతంలో చాలా రేవులకు వేలం పాట పెట్టేది, ఆ డబ్బు తీసుకునేది స్థానిక సంస్థలే. పాట షరతుల్లో పడవకు ఎంతమంది ఎక్కాలి, లైఫ్ జాకెట్లు ఎన్ని ఉండాలి అన్నవి రాయించాల్సిందీ, అమలవుతున్నాయో లేదో చూడాల్సిందీ పాట పెట్టినవాళ్లే. 2018 జూలైలో ఐ. పోలవరం మండలం పశువుల్లంక దగ్గర, బడి నుంచి ఇళ్లకు వెళ్తున్న పిల్లల పడవ, కడుతున్న వంతెన స్తంభానికి తగిలి గౌతమిలో బోల్తా పడింది. అప్పుడు నీ వయసెంత? నీలాంటి బడి పిల్లలే వాళ్లు. లంకలో పుట్టినవాళ్లకు లైఫ్ జాకెట్ ఎవరిని అడగాలన్నది పరీక్ష ప్రశ్న కాదు.

అందుకని నా మొగ్గు దాచుకోను. తమ్ముడు ఆ పడవ దాటుతున్నన్నాళ్లూ నీ ఓటు లంకలో ఉంటే మంచిదని నాకనిపిస్తుంది. అయితే అది పోలింగ్ రోజు నువ్వు రాగలిగితేనే. రాలేని ఊరి ఓటు కంటే వేయగలిగిన విశాఖ ఓటు మేలు. నువ్వు ఎటు మొగ్గినా, ఆ కారణం నీదై ఉండాలి. మావయ్య లెక్క కోసం లంకలో ఉంచకు, మావయ్య మీద కోపంతో విశాఖకు మార్చకు.

నాన్న సంగతి దీనికంటే కష్టం. ఆయన మౌనాన్ని పెత్తనం అనుకున్నట్టున్నావు. నాకు అందులో భయం కనిపిస్తోంది. కౌలు నోటిమాట మీద నడుస్తుంది. కౌలు కార్డు తీసుకోవాలన్నా యజమాని ఒప్పుకుని సంతకం పెట్టాలి. అలాంటి చోట "నాలుగు ఓట్లు" అన్న మాట వెనక వచ్చే ఏడాది అరటి తోట ఉంటుంది. ఓటు రహస్యం కదా అని నువ్వంటే ఆయన నమ్మకపోవడానికీ కారణం ఉంది. నువ్వు ఎవరికి వేశావో ఎవరికీ తెలీదు, అది నూటికి నూరుపాళ్లు నిజం. యంత్రం పక్కన అద్దం వెనక చీటీ ఏడు సెకన్లు కనిపించి పెట్టెలో పడిపోతుంది, దాన్ని నీతో తప్ప ఇంకెవరితోనూ కలపలేరు. కానీ లెక్కింపు బూత్‌వారీగా జరుగుతుంది. చిన్న లంకలో ఒకటో రెండో బూత్‌లు. మొత్తం మీద ఆ బూత్ ఎటు మొగ్గిందో సాయంత్రానికి అందరికీ తెలిసిపోతుంది. పెద్దలు దాన్ని పట్టుకుని వీధి వీధినీ, కులాన్నీ అంచనా కట్టుకుంటారు. కొన్ని బూత్‌ల ఓట్లు కలిపి లెక్కించే పద్ధతి తేవాలని ఎన్నికల సంఘం 2008లోనే అడిగింది. లా కమిషన్ 2015లో అదే చెప్పింది. ఇంతవరకూ రాలేదు. అందుకే నాన్నతో "నా హక్కు" అని మొదలుపెడితే, ఆ మాట ఆయనకు "నీ కౌలు ఏమైతే నాకేం" అన్నట్టు వినపడుతుంది.

ఇక్కడ నీకు కొన్ని దారులున్నాయి. ఓటు విశాఖకు మార్చుకుంటే ఆ లెక్కలోంచే తప్పుకుంటావు. నాన్న యజమానితో "పిల్ల ఓటు అక్కడ పడిందండీ" అని చెప్పుకోవాల్సి వస్తుంది. కొన్నాళ్లు ఇబ్బంది పడతారు, కానీ నీ మీద ఆశ పెట్టుకోవడం ఆపేస్తారు. ఊళ్లోనే ఉంచి, ఎవరికి వేస్తానన్నది మాత్రం ఎవరితోనూ మాట్లాడనని ముందే చెప్పడం ఇంకోటి. ఇందులో నాన్నకు నాలుగు అన్న లెక్క దక్కుతుంది, నీకు నీ నిర్ణయం దక్కుతుంది. కానీ మావయ్య ఊరుకోడు, ఎన్నికలప్పుడు మళ్లీ గుచ్చి గుచ్చి అడుగుతాడు. అప్పుడు "సరే మావయ్యా" అని ఒప్పుకుని లోపల వేరేగా వేయడం కూడా జరుగుతుంటుంది, చాలామంది ఆడవాళ్లు ఇలాగే నెట్టుకొస్తున్నారు. వాళ్లను నేను తప్పు పట్టను. నీకు మాత్రం, మొదటి ఓటే ఇంట్లోవాళ్లతో అబద్ధమాడి వేస్తే మనసులో ముల్లులా ఉండిపోతుందేమోనని అనుమానం. నాలుగోది, అమ్మతో ముందు మాట్లాడటం. కార్డు బీరువాలోంచి తీసి నీ చేతికిచ్చింది అమ్మే కదా. ఆమెకు ఈ విషయంలో ఏ అభిప్రాయమూ లేదనుకోకు. ఎవరూ అడిగి ఉండరు, అంతే.

ఏ దారి పట్టినా నాన్నకు ఒక మాట చెప్పాలి. నీ పేరుతో, నీకు తెలియకుండా, ఇంకొకరు దరఖాస్తు పెట్టకూడదు. దాన్ని కేసుగా మార్చమని నేననను. "నాన్నా, ఈసారి నన్ను అడగండి. అడిగితే నేనే పెట్టేదాన్నేమో" అని నెమ్మదిగా చెప్పు. డబ్బుల విషయం నువ్వు రాయలేదు, నేనే చెప్తున్నాను. ఓటుకు డబ్బు ఇవ్వడంతోపాటు తీసుకోవడం కూడా నేరమే. మీ ఇంటికి నాలుగు ఓట్ల కింద కవరు వస్తే, అందులో నీ వంతు లేదని నాన్నకు ముందే తెలిసి ఉండాలి. అది ఆ రోజు వాకిట్లో చెప్పే మాట కాదు. ఎన్నికల వేడి లేనప్పుడు చెప్పు.

పిల్లల సంగతి. హెడ్‌మాస్టారి భయం నాకర్థమవుతుంది. ఊళ్లో మీ మావయ్య ఎవరో ఆయనకు తెలుసు. నువ్వు ఓటు గురించి మాట్లాడితే, అవతలి పార్టీవాళ్లు మండలానికి ఫిర్యాదు పెడతారని ఆయన టెన్షన్. ఆయన ధైర్యంగా ఒప్పుకునే దారి చూపించు. 2018 నుంచి బడుల్లో, కాలేజీల్లో ఎన్నికల అక్షరాస్యతా క్లబ్బులు పెట్టమని ఎన్నికల సంఘమే చెప్తోంది. హైస్కూళ్లలో అవి తొమ్మిదో తరగతి నుంచి పైవాళ్ల కోసమే ఉద్దేశించినవి. జనవరి 25 జాతీయ ఓటర్ల దినోత్సవం, నవంబరు 26 రాజ్యాంగ దినోత్సవం. ఆ క్లబ్బు పేరు మీద, ఆ రోజుల్లో, సోషల్ మాస్టారు పక్కన ఉండగా చేస్తానని అడుగు. ప్రభుత్వ కార్యక్రమం కింద చేస్తే ఆయనకు రక్షణ ఉంటుంది, నీకు తరగతి గది దొరుకుతుంది. కాకపోతే ఏడాదికి ఒకటి రెండు రోజులకు మించి దొరక్కపోవచ్చు. వేసవిలో రామాలయం అరుగు మీద నీ అంతట నువ్వు చెప్తే కావలసినంత సమయం ఉంటుంది, కానీ ఊళ్లో దానికి ఏదో ఒక పార్టీ రంగు పూస్తారు. అలా చేస్తే మావయ్యను ఆ దరిదాపులకు రానీయకు, ఎన్నికల కోడ్ ఉన్న రోజుల్లో అసలు పెట్టకు. ఈ రెండూ కుదరకపోతే తమ్ముడూ, వాడితో పడవెక్కే పిల్లలూ చాలు.

ఏం చెప్పాలి అంటావేమో. సర్పంచ్ అర్హతలు, పదవీకాలం వాళ్ల పుస్తకంలో ఉన్నాయి. నువ్వు రేవు దగ్గర మొదలుపెట్టు. పాట ఎవరు పెట్టారు, ఎంతకు పోయింది, షరతులేంటి అని పిల్లలచేతే ప్రశ్నలు రాయించు. ఆ ప్రశ్నలతో నీ పేరు మీద సమాచార హక్కు దరఖాస్తు పంచాయతీలో ఇవ్వు. మన రాష్ట్రంలో గ్రామ స్థాయిలో దానికి ఫీజు లేదు. ఆ కాగితాలు తమ దగ్గర లేకపోతే ఏ ఆఫీసులో ఉన్నాయో అక్కడికి పంపే బాధ్యత వాళ్లదే. ముప్పై రోజుల్లో జవాబు రావాలి. ఆ జవాబు ఏ ఆఫీసు ముద్రతో వస్తుందో చూస్తే, మీ రేవు పంచాయతీదో మండలానిదో ఇంకెవరిదో పిల్లలకు తెలిసిపోతుంది. తర్వాత ఏటిగట్టు జలవనరుల శాఖదని, వంతెన కావాలంటే ఎమ్మెల్యే దాకా వెళ్లాలని, బడి విద్యాశాఖదని ఒక్కొక్కటే చెప్పుకుంటూ పోవచ్చు. ఉత్తుత్తి ఓటింగ్ కూడా పెట్టు. దాన్ని నాయకుల పేర్లతో పెట్టొద్దు. ముందు ఏది అడగాలి, లైఫ్ జాకెట్లా, రేవులో మెట్లా, వరద రోజుల్లో ఇవతలి గట్టునే తరగతులా అని పెట్టు. చీటీలు మడిచి డబ్బాలో వేయించి, అందరి ముందూ లెక్కపెట్టు. గెలిచినదాన్ని అర్జీగా రాసి గ్రామసభలో ఇప్పించవచ్చు. నీ ఓటు అప్పటికి ఊళ్లోనే ఉంటే నువ్వే లేచి చదవవచ్చు. విశాఖకు మార్చుకుని ఉంటే అమ్మను చదవమని అడుగు.